మూగవోయిన ఫిడేలు పాటలు

సంగీతము ఎప్పుడు నశించును? వ్రాసిన కాగితము చినిగినప్పుడా, పాడువారు లేనప్పుడా? తొమ్మిదవ తరగతిలో ఒక బాలిక మమ్ము ఈ ప్రశ్న అడిగినది. అప్పటికప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. అందుకే ఈ వ్యాసము.

ఫిడేలు మన కచేరీలలో ప్రక్కవాద్యము. గాయకుని వెంట నడచుటయే దాని పని. విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893-1964) దానిని ప్రధానవాద్యముగా నిలిపి కచేరీలు చేసి కీర్తి గాంచిరి. పాశ్చాత్యులలో ఫిడేలునకు అట్టి పెద్దపీట వేయు రచనను కన్సర్టో అందురు. ఒక ఫిడేలు ఒకవైపు, అనేక వాద్యముల బృందము మరొకవైపు నుండును. మన విద్వాంసుడు రాగమును అప్పటికప్పుడు పెంచును. అక్కడ ప్రతి వాద్యము పలుకవలసిన ప్రతి స్వరమును రచయిత ముందే వ్రాసియుంచును. కనుక వ్రాతప్రతి మూతపడినచో సంగీతము కూడ మూతపడినట్లే.

పందొమ్మిదవ శతాబ్దిలో, రొమాంటిక్ యుగమని పిలువబడు కాలమున, ఇట్టి రచనలు ఎన్నో పుట్టినవి. నేడు సభలలో తరచుగా వినబడునవి మెండెల్సన్, బ్రామ్స్, చైకోవ్‌స్కీ మొదలగు కొందరివి మాత్రమే. లండనులో పుట్టిన శామ్యూల్ కోల్‌రిడ్జ్-టేలర్ తండ్రి ఆఫ్రికావాడు. ఆయన కన్సర్టో 1912 జూనులో అమెరికాలో తొలిసారి వినబడెను. సెప్టెంబరులో ఆయన ముప్పదియేడవ యేట మరణించెను. తరువాత ఆ రచనను పట్టించుకొన్నవారు అరుదు. ఈ శతాబ్దిలో వచ్చిన రికార్డులవలన అది మరల వినవచ్చుచున్నది.

అన్నిటికంటె వింతయైనది షూమన్ కన్సర్టో కథ. రాబర్ట్ షూమన్ అనామకుడు కాడు, జర్మనీలో మహావిద్వాంసుడు. 1853 శరత్కాలమున యువకుడైన యోకిం అను ఫిడేలు విద్వాంసునికొరకు దానిని వ్రాసెను. కొన్ని నెలలకే మతి చలించి రైను నదిలో దుమికెను. పడవవారు కాపాడిరి గాని, 1856లో చికిత్సాలయముననే కన్నుమూసెను. భార్య క్లారా, మిత్రులు యోకిం, బ్రామ్స్ ఆ రచనను అచ్చు వేయింపలేదు. రోగపు నీడ అందులో పడినదని వారి భయము. ప్రేమతో చేసిన పనియే, కాని దానివలన ఒక రచన నోరు మూసుకొన్నది. యోకిం మరణానంతరము వ్రాతప్రతి బెర్లిను గ్రంథాలయము చేరెను. 1956 వరకు వెలికి రాకూడదని షరతు.

యోకిం వంశీయురాలు, ఫిడేలు విద్వాంసురాలు యెల్లీ దరాన్యి, 1933లో ఆత్మలు తనతో మాటలాడి ఈ రచన జాడ తెలిపెనని చెప్పెను. నమ్ముట నమ్మకపోవుట చదువరుల ఇష్టము! ప్రతి మాత్రము గ్రంథాలయములో నిజముగనే యుండెను. యెహుదీ మెనుహిన్ దానిని తొలుత వాయింపగోరెను. నాజీ ప్రభుత్వము ఆ గౌరవము జర్మనీకే దక్కవలెనని పట్టుబట్టి, 1937 నవంబరు 26న బెర్లినులో కూలెన్‌కాంఫ్‌చే వాయింపజేసెను. మెనుహిన్ మరుసటి నెలలో అమెరికాలో వాయించెను. ఎనుబది నాలుగేండ్ల మౌనము, ఐనను స్వరములు చెక్కుచెదరలేదు. కారణము, అవి వ్రాయబడియుండుటయే.

మన తాళ్ళపాక అన్నమాచార్యుని (1408-1503) సంగతి చూడుడు. తిరుమల ఆలయమున సంకీర్తన భాండారములో రెండువేలకు పైగా రాగిరేకులు మూతపడియుండి, ఇరువదవ శతాబ్దిలో వెలుగు చూచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పండితులు వానిని పరిష్కరించిరి. రేకులపై పదములున్నవి, రాగముల పేర్లున్నవి, స్వరములు లేవు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893-1979) వంటి విద్వాంసులు వానికి క్రొత్తగా స్వరములు కట్టవలసివచ్చెను. నేడు మనము వినునవి చాలవరకు మన కాలమువారి వరుసలే. అన్నమయ్య ఎట్లు పాడెనో ఆ రేకులు చెప్పవు.

షూమన్‌కు స్వరములు మిగిలినవి. అన్నమయ్యకు మాటలు మిగిలినవి. మన సిరొంచ ప్రాంతమున నాట్లువేయునప్పుడు అవ్వలు పాడు తెలుగు పాటలకు ఈ రెండును వ్రాతలో లేవు. ప్రాణహితకు ఆవలి ఒడ్డున శిక్షణ పొందిన మేము కన్సర్టో సంగతి అక్కడనే నేర్చితిమి గాని, ఈ పాటలను వినుట ఇక్కడికి వచ్చిన పిదపనే.

తెలుగు తరగతి గదిలో ఒక నోటుపుస్తకము ఉంచితిమి. పాట, పాడినవారి ఊరు, ఏ పనివేళ పాడుదురో వ్రాయవలెను. వరుస నేర్చుకొని మాకు పాడి వినిపింపవలెను. ఆ బాలిక తెచ్చిన జోలపాట మొదటి పుటలో నున్నది. మూడవ చరణమున ఒక పాదము వాళ్ళ అవ్వకు గుర్తు రాలేదట. అక్కడ ఒక గీత గీసి ఖాళీ విడిచితిమి. తల్లిదండ్రులలో ఆ పాట ఎరిగినవారు ఏ సాయంకాలమైనను బడికి రావచ్చును.