ఇది ఆడమనిషి చెక్కిందేనా? మీకు తెలుసా!

మైకెలాంజెలో పేరు వినని చదువరి ఉండరు. రోదాన్ పేరు కూడా చాలామందికి తెలుసు. ఒక్క మహిళా శిల్పి పేరు చెప్పమంటే మాత్రం తడుముకుంటాం. ఆ పేర్లు ఎలా మరుగునపడ్డాయో, ఎవరు వెతికి పట్టుకున్నారో తెలిపే సంగతులు కొన్ని.

★ అమెరికాలోని దక్షిణ కరొలైనా రాష్ట్రంలో బ్రూక్‌గ్రీన్ గార్డెన్స్ అనే శిల్పోద్యానం ఉంది. ఒకప్పుడు బానిసల చేత వరి పండించిన నాలుగు ఎస్టేట్లను ఆర్చర్ హంటింగ్టన్, ఆయన భార్య ఆనా హయాట్ హంటింగ్టన్ కొని, 1931లో దీన్ని స్థాపించారు. ఆనా స్వయంగా పేరున్న శిల్పి. రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో తోట బాటలను గీసింది ఆవిడే. మనిషినో, జంతువునో చూడగానే పోల్చుకోగలిగే అమెరికన్ శిల్పాలకు ఇది నెలవు. అవి ఆర్థిక మాంద్యం రోజులు, శిల్పులకు పని దొరకడం లేదు. ఆ సమయంలో ఈ దంపతులు వరసపెట్టి శిల్పాలు కొన్నారు. లారా గార్డిన్ ఫ్రేజర్, బ్రెండా పట్నమ్, హారియెట్ ఫ్రిష్‌మత్ లాంటి మహిళల శిల్పాలకు అక్కడ శాశ్వతంగా చోటు దొరికింది. తర్వాతి దశాబ్దాల్లో నైరూప్య కళ గాలి వీచి, మనిషి రూపాన్ని చెక్కడమే పాతబడిన పని అనిపించుకుంది. అసలే గుర్తింపు లేని మహిళా శిల్పులకు అది రెండో దెబ్బ. అందుకే ఇలాంటి చోట్ల విలువ నాకు చాలా పెద్దదిగా తోస్తుంది.

★ ఆ ఆనా గుర్రమెక్కిన జోన్ ఆఫ్ ఆర్క్ విగ్రహాన్ని చేసి 1910లో పారిస్ సలోన్ ప్రదర్శనకు పెట్టింది. ఇంత పెద్ద విగ్రహం ఒక స్త్రీ ఒంటిచేత్తో చేసిందంటే న్యాయనిర్ణేతలు నమ్మలేకపోయారు. ఐదేళ్ల తర్వాత అదే జోన్ మరింత తీర్చిన రూపంలో న్యూయార్క్ రివర్‌సైడ్ డ్రైవ్‌లో కొలువుదీరింది. కవచంలోని ప్రతి ముక్కా సరిగ్గా రావాలని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆయుధాల విభాగం చూసే నిపుణుడి సాయం తీసుకుంది. జోన్‌ను బంధించిన రువాన్ బురుజు నుంచి తెచ్చిన రాళ్లు కొన్ని పీఠంలో ఉన్నాయి. చరిత్రకెక్కిన ఒక స్త్రీకి ఆ నగరం బహిరంగ స్థలంలో నిలిపిన తొలి విగ్రహం ఇదే.

★ అనుమానం అంతకు ముందునుంచీ ఉన్నదే. హారియెట్ హాస్మర్ అనే శిల్పి శరీర నిర్మాణ శాస్త్రం నేర్చుకుందామంటే బోస్టన్‌లో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. సెయింట్ లూయీ దాకా వెళ్లి అక్కడి వైద్య కళాశాలలో నేర్చుకుంది. తర్వాత రోమ్‌లో స్థిరపడింది. సంకెళ్లతో నడిచే పల్మైరా రాణి జెనోబియా విగ్రహాన్ని ఆమె లండన్‌లో ప్రదర్శించాక, అసలు చెక్కింది ఆమె కాదు, ఇటలీ పనివాడని పత్రికలు రాశాయి. హారియెట్ ఊరుకోలేదు, పరువునష్టం దావాకు దిగింది. 1864లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో శిల్పం ఎలా తయారవుతుందో వివరిస్తూ ఒక వ్యాసం రాసింది. శిల్పి ముందు చిన్న నమూనా చేస్తాడు. దాన్ని చూసి ఇనుప ఊచల చట్రం మీద బంకమట్టితో పెద్ద రూపం నిలబెడతారు. దాన్నుంచి ప్లాస్టర్ అచ్చు తీస్తారు. అచ్చు మీద గుర్తులు పెట్టి, కొలతలు తీసి, పనివాళ్లు పాలరాయిని అంత లోతుకే తొలుస్తారు. ఆ కాలపు మగ శిల్పుల్లో దాదాపు అందరూ పనివాళ్లను పెట్టుకున్నవాళ్లే. వాళ్లను మాత్రం ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

★ ఆ నింద తనకు రాకూడదని ఎడ్మోనియా లూయిస్ సహాయకులను పెట్టుకోకుండా పాలరాయిని చాలావరకు తనే చెక్కుకుంది. తండ్రి ఆఫ్రికా సంతతివాడు, తల్లి ఒజిబ్వే తెగ స్త్రీ. ఓబర్లిన్ కళాశాలలో చదువుతుండగా తోటి విద్యార్థినులకు విషం పెట్టిందని నింద మోపి, ఆమెను చావగొట్టారు. కోర్టు ఆ కేసు కొట్టేసింది. బోస్టన్ చేరి, అంతర్యుద్ధంలో నల్లజాతి సైనికుల దళాన్ని నడిపి నేలకొరిగిన కర్నల్ షా ప్రతిమ చేసి, దాని ప్లాస్టర్ నకళ్లు అమ్మిన డబ్బుతో రోమ్ వెళ్లింది.

1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆమె ‘క్లియోపాత్రా మరణం’ చూసి జనం నివ్వెరపోయారు. మిగతా శిల్పులు చావు గురించి ఆలోచిస్తూ కూర్చున్న రాణిని చూపిస్తే, ఈమె సింహాసనం మీద తల వాల్చేసిన, ప్రాణం పోయిన రాణిని చూపించింది. టన్ను దాటిన ఆ పాలరాయిని వెనక్కి తీసుకెళ్లే స్తోమత ఆమెకు లేదు. అది షికాగోలో ఒక సారాకొట్టుకు చేరింది. తర్వాత గుర్రప్పందేల మైదానంలో క్లియోపాత్రా అనే పందెపుగుర్రం సమాధి మీద గుర్తురాయి అయింది. ఆ పందెపు మైదానం గోల్ఫ్ మైదానంగా, ఆ తర్వాత ఆయుధాల కర్మాగారంగా మారినా విగ్రహం ఎండావానల్లో అక్కడే పడి ఉంది. చివరికి ఒక గుత్తేదారు సామాను పెరట్లోకి వెళితే, స్కౌట్ పిల్లలు దానికి రంగు వేశారు. 1994లో స్మిత్సోనియన్ మ్యూజియం చేతికి వచ్చి శుభ్రపడి, ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. 2022లో అమెరికా ఆమె పేరున తపాలా బిళ్ల విడుదల చేసింది. ఎడ్మోనియా కన్నుమూసింది 1907లో, లండన్‌లో.

★ కాళిదాసు శకుంతల పారిస్‌లో శిల్పమైంది! 1888 సలోన్‌లో కమీల్ క్లోదెల్ పెట్టిన ప్లాస్టర్ శిల్పం పేరే ‘శకుంతల’. మోకాళ్ల మీద ఉన్న దుష్యంతుడి మీదికి శకుంతల వాలిపోతున్న పునస్సమాగమం అది. రాజు తల పైకెత్తి బతిమాలుతున్నాడు, ఆమె కళ్లు మూసుకుని ఉంది. నాటకమంతా చదివినవాళ్లకు ఆ ఒక్క భంగిమలో క్షమ ఎంత బరువైనదో తెలుస్తుంది. తర్వాత అదే శిల్పాన్ని పాలరాతిలో వేరే పేరుతో చేసింది. అది పారిస్ రోదాన్ మ్యూజియంలో ఉంది. కమీల్‌ను లోకం రోదాన్ శిష్యురాలిగా, ప్రేయసిగా చెప్పుకున్నంతగా శిల్పిగా చెప్పుకోలేదు. 1913లో కుటుంబం పిచ్చాసుపత్రిలో చేర్పించింది. విడిచిపెట్టవచ్చని వైద్యులు రాసినా తల్లి ఒప్పుకోలేదు. 1943లో పిచ్చాసుపత్రిలోనే చనిపోయింది. ఆమె పేరున తొలి ప్రభుత్వ మ్యూజియం ఆమె బాల్యంలో కొంతకాలం గడిపిన నోజాన్-సుర్-సేన్‌లో 2017లో తెరుచుకుంది.

★ ఫ్రాన్స్‌లో ప్రభుత్వ కళాశాల ఎకోల్ దే బోజార్ ఆడపిల్లలకు తలుపు తీసింది 1897లో. కమీల్‌కు అప్పటికి ముప్పై దాటాయి.

★ 1550లో ఇటలీ రచయిత వసారి రాసిన కళాకారుల జీవితచరిత్రల తొలి ముద్రణలో సొంత అధ్యాయం దక్కిన స్త్రీ ఒక్కతే. ఆమె బొలోన్యా శిల్పి ప్రొపెర్ట్సియా దే రోస్సి. పండ్ల గింజల మీద సూక్ష్మంగా బొమ్మలు చెక్కడం ఆమె ప్రత్యేకత.

★ అగస్టా సావేజ్ అనే అమెరికన్ శిల్పి చిన్నప్పుడు ఫ్లోరిడా ఎర్రమట్టితో బాతులూ బొమ్మలూ చేస్తే పాస్టరు తండ్రి కొట్టేవాడు. ఆమె 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం ‘హార్ప్’ చేసింది. పాటగాళ్లయిన నల్లజాతి పిల్లలే ఆ వాద్యానికి తంత్రులు. ఎత్తు 16 అడుగులు. కంచులో పోత పోయించడానికి డబ్బు లేక, ప్రదర్శన ముగిశాక ఆ ప్లాస్టర్ శిల్పాన్ని కూలగొట్టేశారు. చిన్న లోహపు నకళ్లు మాత్రం మిగిలాయి. బొమ్మ చేసిన చేతికి పోత ఖర్చు భరించే మనిషి దొరకకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు.

★ మన దేశంలో మీరా ముఖర్జీ (1923–1998) జర్మనీలో చదువుకుని వచ్చి, బస్తర్‌లో గఢవా పోతపనివాళ్ల దగ్గర మళ్లీ నేర్చుకుంది. మట్టి గుండు మీద మైనం తీగలు చుట్టి రూపం తెచ్చి, పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన ఓజా కళాకారుల పద్ధతి కూడా ఇదే. జైనూర్ మండలం ఉషేగాంలో ఈ పని ఇప్పటికీ సాగుతోంది. ఇంటి దేవుళ్లకు చేసే ఆ చిన్న బొమ్మల పద్ధతితో మీరా 11 అడుగులు దాటిన అశోకుణ్ణి, కళింగ యుద్ధం తర్వాతి అశోకుణ్ణి, ముక్కలు ముక్కలుగా పోత పోసి అతికించింది. అది ఢిల్లీలో ఐటీసీ మౌర్య హోటల్ ఆవరణలో ఉంది. అటువైపు వెళ్లినప్పుడు దగ్గరికెళ్లి చూడండి. కంచు మీద మైనం తీగల గీతలు కనిపిస్తాయి.