కల్లు మానిన రెండో రోజు కనబడేవి

దుకాణం మూతపడిన రెండో రోజునో, జ్వరం వచ్చి ఇంట్లోనే ఉండిపోయిన మూడో రోజునో మొదలవుతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, రాత్రంతా నిద్ర ఉండదు. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు. చనిపోయిన తల్లి గుమ్మంలో నిలబడి పిలుస్తోందంటాడు. ఇంట్లో ఒకరు గాలి సోకిందంటారు, ఇంకొకరు దర్శనం కలిగిందంటారు. ఆస్పత్రికి తెచ్చేసరికి ఒకటి రెండు రోజులు గడిచిపోతాయి.

సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. చెట్టు కల్లు చాలక, ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి అమ్మడం తెలంగాణలో ఏళ్ళ తరబడి సాగింది. 2015లో అధికారులు కల్తీ కల్లును అరికట్టినప్పుడు, ఒక్కసారిగా మత్తు అందక ఎందరో ఆస్పత్రుల పాలయ్యారు. ఆల్ప్రజోలంను దొంగచాటుగా తయారుచేస్తూ మన జిల్లాలోనే పట్టుబడ్డవాళ్ళూ ఉన్నారు.

ఈ మందులు మెదడును మందగింపజేస్తాయి. రోజూ తాగితే మెదడు దానికి ఎదురుగా తన వేగం పెంచుకుంటుంది. మత్తు ఆగగానే ఆ వేగానికి అడ్డు ఉండదు. ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, ప్రాణం కూడా పోవచ్చు.

మందు వల్ల కలిగే దర్శనంలో ఆత్మీయత అసలే ఉండదా అని చదువుకున్న యువకులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. 1962 ఏప్రిల్ 20, గుడ్ ఫ్రైడే రోజున, అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయం మార్ష్ చాపెల్‌లో దీనినే పరీక్షించారు. డాక్టరు, పాస్టరు కూడా అయిన వాల్టర్ పాంకే 20 మంది వేదాంత విద్యార్థులను కూర్చోబెట్టి, సగం మందికి కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సిలోసైబిన్, మిగతావారికి నియాసిన్ అనే విటమిన్ ఇచ్చారు. హోవర్డ్ థర్మన్ గారి ఆరాధన వారికి కింది గదిలో వినిపించింది. సిలోసైబిన్ తీసుకున్నవారిలో ఎక్కువమంది గాఢమైన ఆత్మీయ అనుభవం పొందామన్నారు. పాతికేళ్ళ తర్వాత రిక్ డాబ్లిన్ వెదికి పట్టుకొని అడిగితే, దొరికినవారు అదే మాట మీద ఉన్నారు. అయితే 1991లో ఆయన ప్రచురించిన వ్యాసం ఇంకో సంగతి బయటపెట్టింది. ఒక విద్యార్థి తీవ్రంగా కలవరపడితే ఇంజెక్షన్ ఇచ్చి శాంతింపజేశారు. మొదటి నివేదికలో ఆ మాటే లేదు! 2006లో జాన్స్ హాప్కిన్స్ వారి పరిశోధనలోనూ 36 మందిలో 11 మంది తీవ్ర భయానికి లోనయ్యారు. ముందుగా ఆరోగ్యం పరీక్షించి, పక్కన మనిషిని కూర్చోబెట్టి ఇస్తేనే ఇలా.

ఆ అనుభవం దేవుని నుండి వచ్చిందా అని తూచే త్రాసు డాక్టర్ల దగ్గర లేదు. నా మట్టుకు నేను ఆ విద్యార్థుల మాట కొట్టివేయను. (మన దేశంలో సిలోసైబిన్ ఎన్‌డిపిఎస్ చట్టం కింద నిషిద్ధం.) కాని దానినీ మన రోగి చూసే పురుగులనూ ఒకే గాట కట్టకండి. అక్కడ మందు పనిచేస్తుండగా కనబడింది. ఇక్కడ మందు ఆగినందువల్ల కనబడుతోంది. ఇది అత్యవసర జబ్బు.

కల్లు మాన్పించాలంటే ఒక్కసారిగా ఆపి గదిలో పెట్టి తాళం వేయకండి. డాక్టరు మాత్రలు మొదలుపెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఆ రోజుల్లో రోగి చేత ఉపవాసం చేయించవద్దు. పాస్టరు గారిని ఆస్పత్రికే పిలవండి, మంచం పక్కనే ప్రార్థన చేస్తారు. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళుగా, చివరిసారి ఎప్పుడు తాగారో చెప్పండి. ఆడవారి విషయమైతే ఇంట్లోవాళ్ళు మరీ దాస్తారు. దాచితే ఆ రాత్రి ఏ మందు ఎంత ఇవ్వాలో మాకు తెలియదు.