మాటలు లేని స్తుతి



తాండూరులో వయొలిన్ నేర్చుకుంటున్న ఒక తమ్ముడు ఈ శుభ శుక్రవారం ఆరాధనలో బాఖ్ అడాజియో వాయిస్తానన్నాడు. "మాటల్లేని పాట ఆరాధన ఎట్లయితది అయ్యగారూ?" అని సంఘ పెద్ద ఒకరు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే కీర్తనల గ్రంథంలో 'సెలా' అనే మాట 71 సార్లు వస్తుంది. దాని అర్థం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు గాని, పాట ఆగి వాద్యాలు మోగే చోటని చాలామంది తలుస్తారు. ఆ సంగతి చెప్పాను. "అట్లయితే మంచిగ వాయించమనండి" అన్నారాయన. సబబైన షరతు!

తమ్ముడి చిక్కు వేరు. బాఖ్ 1720లో స్వహస్తంతో శుద్ధప్రతి రాసుకున్న ఆరు ఒంటరి వయొలిన్ కృతుల్లో మొదటిదాని మొదటి భాగం ఇది. జి మైనర్, 22 మెజర్లే. (అదే ఏడు జూలైలో ఆయన భార్య చనిపోయింది గనుక ఇది ఆ దుఃఖమేనని కొందరంటారు. రుజువు లేదు, నేను నమ్మను.) పేజీ నిండా సన్నని స్వరాలు. మనవాడు ప్రతి స్వరానికీ సమానంగా బరువిచ్చి తాళం పోగొట్టుకున్నాడు.

నిజానికి వాటిలో చాలా మట్టుకు అలంకారాలే. ఇటలీ పద్ధతిలో నెమ్మది భాగానికి స్వరకర్త ఎముకల గూడు మాత్రమే రాస్తే, మన గాయకులు సంగతులు వేసినట్టు వాయించేవాడు మిగతాది కల్పించేవాడు. బాఖ్ ఆ కల్పన కూడా తానే రాసేశాడు. అందుకే ముందు సన్న స్వరాలు వదిలేసి, మెట్రోనోమ్‌ను అర బీటుకు పెట్టి, కార్డ్‌లు మాత్రమే వారం రోజులు వాయించమన్నాను. తర్వాత పై స్వరాలు నోటితో పాడాలి. అలంకారాలు ఆఖరున.

వయొలిన్ బ్రిడ్జి వంపుగా ఉంటుంది కాబట్టి నాలుగు తీగలు ఒక్కసారే నిలిచి మోగవు. కింది రెండూ ముందు, పై రెండూ వెంటనే. తాళం కింది స్వరం మీదే పడాలని నా అభిప్రాయం. తోడు బేస్ లేకుండా అని బాఖ్ శీర్షికలోనే రాశాడు. ఆ ఒక్క స్వరాన్ని చెవి తర్వాతి కార్డ్ దాకా మోసుకుపోవాలి.

వికారాబాద్‌లో పుస్తకాలు, పరదాలు ఉన్న నా గదిలో సరిపోయిన వేగం, తాండూరు బండలు పరచిన మందిరంలో ఎక్కువైంది. ఒక కార్డ్ మోత తగ్గకముందే ఇంకొకటి వచ్చి పడింది. గది చెప్పినంత ఆగు అన్నాను. ఇప్పుడు చాలావరకు ఆగుతున్నాడు. నడుమ ఒక్క చోట ఇంకా తొందరే. శుక్రవారానికి పది రోజులుంది.