చవక సీసాలకు రుచి పరీక్ష

పండ్ల పేరుతో అమ్ముడయ్యే చవక వైన్‌లు అమెరికాలో రెండు రకాలు. ఆపిల్, పీచ్, బ్లాక్‌బెర్రీ వంటి పండ్ల రసాన్నే పులియబెట్టి తీసేవి ఒక రకం. ద్రాక్ష వైన్‌లోనో ఆపిల్ వైన్‌లోనో పండ్ల రసం, సువాసన ద్రవ్యాలు, చక్కెర, నీళ్లు కలిపి సీసాకెత్తేవి రెండో రకం. దుకాణాల అరల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. వైన్ ప్రియులు వీటిని చిన్నచూపు చూస్తారు. కానీ నలుగురు మిత్రులు కూర్చుని రుచి చూడటం నేర్చుకోవాలంటే వీటిని మించినవి లేవు. వాసన స్పష్టంగా తెలుస్తుంది, తీపి దాగదు, ఆరు సీసాలు కొన్నా జేబుకు చిల్లు పడదు.

ఈ కోవలో బాగా పాతది బూన్స్ ఫార్మ్. కాలిఫోర్నియాలోని మొడెస్టో కేంద్రంగా నడిచే గాలో సంస్థ 1961లో దీన్ని ఆపిల్ వైన్‌గా తెచ్చింది. ఇందులో స్ట్రాబెర్రీ హిల్ అనే రకానికి 1970లలో కాలేజీ కుర్రకారులో గొప్ప గిరాకీ ఉండేది. 1998లో న్యూయార్క్ రాష్ట్రంలోని కెనన్‌డైగ్వా సంస్థ ఆర్బర్ మిస్ట్‌ను దింపింది. పీచ్‌తో షార్డొనే, బ్లాక్‌బెర్రీతో మెర్లో దాని పద్ధతి. మధ్యలో ఒక మలుపు ఉంది. 1991 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం వైన్ మీద పన్నును గ్యాలన్‌కు 17 సెంట్ల నుంచి 1.07 డాలర్లకు పెంచింది. ఆ దెబ్బకు వైన్ కూలర్ల (వైన్‌లో పండ్ల రసం, సోడా కలిపిన పానీయాల) తయారీదారులు చాలామంది తక్కువ పన్ను పడే మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) పానీయాల వైపు మళ్లారు. బూన్స్ ఫార్మ్ పేరుతోనే కొన్నిచోట్ల వైన్, కొన్నిచోట్ల మాల్ట్ పానీయం దొరుకుతాయి. కాబట్టి కొనేముందు లేబుల్ చదవాలి. ఆల్కహాల్ 7 శాతం లోపు ఉన్న వైన్‌ల లేబుళ్లు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ నిబంధనల కిందికి వస్తాయి. అందువల్ల ఏమేం కలిపారో సీసా వెనక రాసి ఉంటుంది. ఖరీదైన వైన్‌ల మీద సాధారణంగా అది కనిపించదు.

రుచి పరీక్ష విందుకు ఆరు రకాలు చాలు. 750 మి.లీ. సీసాలో 60 మి.లీ. చొప్పున పన్నెండు మందికి వస్తుంది, అంటే ఒక్కో రకం ఒక్కో సీసా సరిపోతుంది. వీటిని 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో అందించాలి. వెచ్చబడిన కొద్దీ తీపి పైకి తేలి పాకంలా మొహం మొత్తుతుంది. తీపి తక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి ఎక్కువ ఉన్నదానితో ముగించాలి. ముందే తియ్యటిది తాగితే తరవాతిది పుల్లగా తోస్తుంది. పుచ్చకాయ రుచి, పీచ్ ముందు, బెర్రీలు ఆఖర్న అన్నది చాలావరకు పనికొచ్చే వరుస.

అన్నిటికన్నా ముఖ్యమైనది సీసాలను గోధుమ రంగు కాగితపు సంచుల్లో దాచి, అంకెలు వేయడం. పేరు చూడగానే తీర్పు సిద్ధమైపోతుంది. రంగు కూడా అంతే. ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్ ఇస్తే, దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. 2001లో ప్రచురితమైన ఈ ప్రయోగం తరవాత రంగును నమ్మడం కష్టం. వీలుంటే లోపలి రంగు కనిపించని కప్పులు వాడితే మేలు. మరో మంచి పద్ధతి, ఒకే వైన్‌ను రెండు వేర్వేరు అంకెలతో పెట్టడం. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే పరిశోధకుడు ఒకే సీసాలోని వైన్‌ను న్యాయనిర్ణేతలకు మూడుసార్లు ఇప్పించి చూస్తే, మూడుసార్లూ ఒకే పతకం స్థాయిలో మార్కులు వేసినవారు పదిమందిలో ఒకరే. నిపుణులే తడబడే చోట అతిథులు తడబడటం తప్పేమీ కాదు.

గుక్క నోట్లో పోసుకుని ముక్కు మూసుకుంటే తీపి, పులుపు, కాస్త వగరు మాత్రమే తెలుస్తాయి. ముక్కు వదిలిన క్షణంలో పండు వాసన బయటపడుతుంది. పండు రుచి అనుకునేది చాలావరకు గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే వాసనే. అతిథులకు మొదటి గ్లాసులోనే ఇది చూపిస్తే మిగతా అయిదూ శ్రద్ధగా రుచి చూస్తారు. గ్లాసు గ్లాసుకూ మధ్య మంచినీళ్లు, ఉప్పులేని బిస్కట్లు ఉండాలి.

అమెరికాలోని తెలుగు ఇళ్లలో అయితే పక్కన మిరపకాయ బజ్జీలు, కారప్పూస పెట్టవచ్చు. తీపి కారాన్ని తగ్గిస్తుంది. ఘాటైన మద్యం మాత్రం మంటను పెంచుతుంది. ఈ జోడీ రుచి పరీక్ష ముగిశాకే రావాలి, ముందే కారం తగిలితే నాలుక పీచ్‌ను గుర్తుపట్టదు.

6 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ ఆరు రకాలూ 60 మి.లీ. చొప్పున పూర్తిగా తాగితే సుమారు 17 గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి వెళ్తుంది. అమెరికా లెక్కలో ఒక డ్రింకు 14 గ్రాములు. అందుకే ఉమ్మడానికి ఒక పాత్ర పెట్టాలి, 13 శాతం, అంతకన్నా ఎక్కువ ఉండే ఎండీ 20/20 వంటి ఘాటు వైన్‌లు ఈ వరుసలో కలపకూడదు. 21 ఏళ్లు నిండనివారికి పోయడం సాధారణంగా చట్టరీత్యా నేరం. తాగనివారికి అవే పండ్ల రసాలు అదే చల్లదనంలో సిద్ధంగా ఉంచాలి. రుచి చూసినవారిని ఇంటికి చేర్చేదెవరో పిలిచేటప్పుడే తేల్చుకోండి, తాగిన ఎవరికీ కారు తాళాలు ఇవ్వకండి.