గుంటుపల్లి కొండ ఎక్కాలంటే

ఏలూరు జిల్లా చింతలపూడికి పొరుగునే ఉన్న కామవరపుకోట మండలంలో, జీలకర్రగూడెం ఊరిని ఆనుకుని గుంటుపల్లి బౌద్ధ గుహలున్న కొండ ఉంది. ఎత్తు తక్కువ, మెట్లున్నాయి. కాబట్టి ఇక్కడ ముందుగా ఆలోచించాల్సింది ఎక్కడం గురించి కాదు, ఏ నెలలో, ఏ పూట వెళ్లాలన్నది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. చిక్కల్లా కొండతో పాటు మామిడి తోటలూ చూడాలనుకునేవారికే. నూజివీడు రసాలు, బంగినపల్లి తోటల్లో కోతకొచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే వడగాడ్పులు మొదలవుతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఈ రాతి మీద పగటిపూట నడవడం మొండితనమే. రెండూ కావాలనుకునేవారు తెల్లవారుతూనే కొండ ఎక్కి, ఎండ ముదరకముందే దిగి, తోటల వైపు వెళ్లడం మేలు. వానాకాలంలో కొండ పచ్చగా ఉంటుంది గాని రాళ్లు జారతాయి.

చింతలపూడి నుంచి కామవరపుకోట మీదుగా వెళ్లవచ్చు. దూరప్రాంతాల వారికి దగ్గరి పెద్ద రైల్వేస్టేషను ఏలూరు. తాగునీళ్లు, పట్టున్న చెప్పులు, టోపీ వెంట ఉండాలి.

కొండది ఇసుకరాయి. ఉలికి సులువుగా లొంగుతుంది కనుకే క్రీ.పూ. 2వ శతాబ్ది ప్రాంతంలో భిక్షువులు ఇక్కడ విహారాలు (నివాస గుహలు) తొలిపించుకోగలిగారు. వానకు, గాలికి కూడా అంతే సులువుగా అరుగుతుంది, అందుకే విహారాల ముఖభాగాలు చాలాచోట్ల చెదిరిపోయాయి. బాగా మిగిలింది గుండ్రని చైత్య (ప్రార్థనా) గుహ. దాని పైకప్పును కొయ్య వాసాలు వేసిన గుడిసె లోపలిలా చెక్కారు, చుట్టూ ప్రదక్షిణకు దారి వదిలారు. ముఖద్వారపు కమాను బీహారులోని బరాబర్ కొండల లోమశ ఋషి గుహను తలపిస్తుంది. నడుమనున్న స్తూపాన్ని చుట్టుపక్కల వాళ్లు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. శివరాత్రికి కిక్కిరిసిపోతుంది కాబట్టి, శిల్పం చూడాలనుకునేవారు ఆ రోజు మానుకోవాలి.

చాలామంది ఇక్కడితో వెనుదిరుగుతారు. అసలు విశేషాలు ఇంకా పైన ఉన్నాయి: వరుసలు తీరిన చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలు, ఇటుక చైత్యం పునాదులు, శిథిల మండపం. ఆ మండపపు స్తంభాల శాసనం కళింగ మహిషకాధిపతి, మహామేఘవాహన వంశపు సిరిసద రాజును పేర్కొంటుంది. మండపం కట్టించింది మాత్రం రాజు కాదు, ఆయన లేఖకుడు చుళగోముడు. రాజుగారి కొలువులో రాతపని చేసుకునే ఉద్యోగి ఒకడు సొంతంగా దానమిచ్చాడంటే, ఆనాటి బౌద్ధానికి ఎలాంటివారి అండ ఉండేదో తెలుస్తుంది.

తీరికగా చూస్తే పూట పడుతుంది. మిగిలిన పూటకు దగ్గర్లోనే ద్వారకాతిరుమల పుణ్యక్షేత్రం ఉంది. పెద్ద కొండలే కావాలంటే పాపికొండలు ఉన్నాయి. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి అది. దానికి వేరే రోజు, అటవీశాఖ అనుమతుల సంగతి ముందే కనుక్కోవడం అవసరం.