ఉప్పు కారమెల్ బిళ్ళలు – ఇంటిలో తయారుచేయు విధానము

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములలోని బేకరీలలోను, ఐస్‌క్రీము దుకాణములలోను ‘సాల్టెడ్ కారమెల్’ అనే పేరు ఇప్పుడు తరచు కనిపిస్తున్నది. ఆ చుట్టుపక్కల సంఘముల మహిళా సభ్యులు, “ఇదీ పాలసరుకే గదా, మనము చేయలేమా? చేసి అమ్మలేమా?” అని మమ్మల్ని అడుగుతున్నారు. చేయవచ్చును. పాలకోవా చేయగల ఇల్లాలికి ఇది కష్టమైన పని కాదు. అయితే అమ్మకము మాట వచ్చినప్పుడు, ఈ బిళ్ళలలోకి ఎంత వెన్న పోతున్నదో ముందుగా లెక్క తెలిసి ఉండవలెను. తయారీ, లెక్క – రెండింటినీ ఇక్కడ వివరిస్తున్నాము.

కారమెల్ అనగా ఏమి?

పంచదార పాకములో నీరు ఇగిరిపోయిన తరువాత కూడా మంట మీదనే ఉంచితే, సుమారు 160 డిగ్రీల సెంటీగ్రేడు దాటేసరికి పంచదార రంగు మారుట మొదలవుతుంది. ముందు తేనె రంగు, తరువాత రాగి రంగు, ఇంకా ఉంచితే నలుపు, చేదు. రాగి రంగు దగ్గర ఆపి మీగడ, వెన్న కలిపి మళ్ళీ ఉడికించినదే కారమెల్. పాలలోని మాంసకృత్తులు, చక్కెరలు వేడికి కలిసి మరొక కమ్మని వాసన ఇస్తాయి. కోవా కాచేటప్పుడు అడుగున ఎర్రబడి వచ్చే వాసన అదే. ఈ రెండవ చర్యను 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు.

ఉప్పు ఎందుకు?

ఉప్పు కొద్దిగా తగిలితే చేదు అణగి, తీపి పైకి వస్తుంది. ఉగాది పచ్చడిలో కొత్తబెల్లము పక్కన ఉప్పు వేసే మనకు ఇది కొత్త సంగతి కాదు. కారమెల్‌లో ఉప్పు వేయుట ఫ్రాన్సు దేశపు పశ్చిమ కొసన ఉన్న బ్రిటనీ ప్రాంతపు అలవాటు. రాజుల కాలములో ఆ దేశములో చాలా భాగమున ఉప్పు మీద ‘గాబెల్’ అనే భారమైన పన్ను ఉండేది. బ్రిటనీకి ఆ పన్ను లేదు. ఉప్పు చౌక గనుక అక్కడి రైతులు వెన్నలో ధారాళముగా ఉప్పు కలిపి నిలువ చేసుకొన్నారు. 1790లో ఆ పన్ను రద్దయినది గాని ఉప్పువెన్న రుచి పోలేదు. 1977లో బ్రిటనీలోని కిబెరోన్ ఊరిలో దుకాణము తెరచిన ఆన్రీ ల రూ అనే మిఠాయి తయారీదారు ఆ వెన్నతో చేసిన కారమెల్ బిళ్ళలకు పేరు తెచ్చాడు. 1930లో దండి యాత్ర చేసిన దేశము మనది. ఉప్పు పన్ను ఇంటి వంటదాకా వస్తుందని మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

కావలసిన వస్తువులు

పంచదార 200 గ్రాములు, నీళ్ళు 50 మి.లీ., తాజా మీగడ 120 గ్రాములు, వెన్న 75 గ్రాములు, మెత్తని ఉప్పు ముప్పావు చిన్న చెంచా, నిమ్మరసము నాలుగు చుక్కలు. బజారులో కొనే టేబుల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది గనుక, అది వాడితే ఉప్పు సగము చాలును.

మీగడ పులియరాదు. పులిసిన మీగడ వేడి పాకములో విరిగి రవ్వరవ్వ అవుతుంది. పెరుగు మీద తీసిన మీగడ ఇందుకు పనికిరాదు. కాచిన పాల మీద తీసినది, ఒకటి రెండు రోజులకు మించనిది కావలెను. దానిని తరకలు లేకుండా గిలకొట్టి ఉంచుకొనవలెను. ఇంటి వెన్న అయితే మజ్జిగ పోయేవరకు మూడు నీళ్ళలో కడుగవలెను.

తయారీ

1. అడుగు మందముగల లోతైన స్టీలు గిన్నె తీసుకొనవలెను. మీగడ పోయగానే పాకము పొంగుతుంది గనుక గిన్నె పెద్దదిగా ఉండవలెను. నల్లని గిన్నెలో పాకము రంగు తెలియదు.

2. పంచదార, నీళ్ళు, నిమ్మరసము వేసి సన్నని మంట మీద కరిగించవలెను. కరిగిన తరువాత గరిట పెట్టరాదు. గరిట పెడితే పాకము మళ్ళీ పలుకులు కడుతుంది. నిమ్మరసము కూడా ఆ పలుకులు కట్టకుండుటకే.

3. పాకము రాగి రంగుకు రాగానే మంట ఆపి, గోరువెచ్చని మీగడను కొద్దికొద్దిగా పోస్తూ పొడవైన గరిటతో కలుపవలెను. చల్లని మీగడ పోస్తే పాకము గడ్డకట్టి ఎగజిమ్ముతుంది.

4. వెన్న, ఉప్పు వేసి మళ్ళీ సన్నని మంట మీద అడుగంటకుండా కలుపుతూ ఉడికించవలెను.

5. పాకము పరీక్ష: చల్లని నీళ్ళలో ఒక చుక్క వేసి వేళ్ళతో తీయవలెను. చేతిలో జారిపోతే చాలలేదు. ఉండ కట్టి, నొక్కితే గట్టిగా ఉండి కొద్దిగా లొంగితే సరిపోయినది. నీళ్ళలో టక్కుమని విరిగితే ముదిరినది. అరిసెలకు పాకము చూచే చేతికి ఇది వెంటనే తెలుస్తుంది.

6. నెయ్యి రాసిన పళ్ళెములో పోసి, ఆరిన తరువాత 10 గ్రాముల ముక్కలుగా కోసి, ఒక్కొక్కటి బటర్ పేపరులో చుట్టి గాలి చొరని డబ్బాలో ఉంచవలెను.

థర్మామీటరు గలవారు ఒకటి గమనించవలెను. పుస్తకములలో ఈ పాకమునకు 118 నుండి 120 డిగ్రీలు అని ఉంటుంది. అది సముద్రమట్టపు లెక్క. హైదరాబాదు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. ఇక్కడ నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. కాబట్టి మనకు 116 నుండి 118 చాలును. ఎండాకాలములో బిళ్ళలు మెత్తబడతాయి గనుక ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ ఉంచవచ్చును. జ్వరము చూచే థర్మామీటరు గాని, 100 డిగ్రీల వరకే గుర్తులున్న సంఘపు థర్మామీటరు గాని ఇందులో పెట్టరాదు. పగిలిపోతుంది.

జాగ్రత్త

రాగి రంగు పాకము మరిగే నీటికంటె చాలా వేడిగా ఉంటుంది. పైగా చర్మమునకు అంటుకొని వదలదు. పిల్లలను పొయ్యి దగ్గరకు రానీయరాదు. ఒంటి మీద పడితే వెంటనే పారుతున్న చల్లని నీటి కింద 20 నిమిషములు ఉంచి వైద్యుని చూడవలెను. పసుపు, వెన్న వంటివి పూయరాదు.

లాభనష్టముల లెక్క

పై కొలతలకు సుమారు 320 గ్రాములు, అనగా 32 బిళ్ళలు వస్తాయి. ఇందులో ఫ్యాటు ఎంత? వెన్నలో 80 శాతము చొప్పున 60 గ్రాములు. మీగడలో మూడవ వంతు అనుకొంటే 40 గ్రాములు. మొత్తము 100 గ్రాములు. 6.5 ఫ్యాటు గల గేదెపాలు కిలోకు 65 గ్రాములు ఇస్తాయి. అంటే 32 బిళ్ళలకు ఒకటిన్నర కిలోల పాల ఫ్యాటు ఖర్చవుతున్నది. ‘ఇంట్లో మిగిలిన మీగడే గదా’ అని దానికి ధర కట్టకపోతే, లేని లాభము ఉన్నట్లు కనబడుతుంది. ఆ పాలకు సంఘములో వచ్చే సొమ్ము రాసి, దానికి పంచదార, గ్యాసు, కాగితము, మీ శ్రమ కలుపవలెను. వెన్న తీసిన పాలు ఇంట్లో పెరుగుకు వాడుకొంటే ఆ విలువ తీసివేయవచ్చును. మిగిలినది 32తో భాగిస్తే బిళ్ళ అసలు ధర తేలుతుంది. దుకాణదారు అంతకంటె తక్కువకు అడిగితే, పాలు సంఘములో పోయుటే మేలు.

ఎల్.బి. నగర్ అనగా లాల్ బహదూర్ నగర్. ఆ పేరుగల శాస్త్రిగారు ప్రధానమంత్రిగా 1964 అక్టోబరులో ఆనంద్ వెళ్ళి, ఒక రాత్రి పల్లెలో ఉండి, పాడిరైతుల సంఘము నడిచే తీరు చూచారు. మరుసటి ఏడు, 1965లో, జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఆనంద్‌లో ఏర్పడినది. పాలను సరుకుగా మార్చి వచ్చే లాభము రైతుకే చేరవలెననుట అక్కడ చూచిన పాఠము. ఆ లాభము సరియైన తూకము, సరియైన పరీక్ష మీద నిలిచినది. ఇంటి పొయ్యి మీది బిళ్ళలకూ అదే వర్తిస్తుంది.

అమ్మదలచినవారు 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ప్రకారము ముందుగా రిజిస్ట్రేషను పొందవలెను. పొట్లము మీద తయారీ తేదీ, బరువు, వేసిన వస్తువుల పేర్లు ఉండవలెను.

చివరగా ఒక ముఖ్యమైన మాట. సంఘానికి పోసే పాలలోనుండి బిళ్ళల కొరకు మీగడ తీయరాదు. మీ ఫ్యాటు పడిపోయి మీ సొమ్ము తగ్గుతుంది. సంఘము మొత్తము పాల నాణ్యత కూడా దెబ్బతింటుంది. ఇంటి వాడకానికి ఉంచుకొన్న పాలతో ముందుగా ఒక వాయి చేసి, తూచి, పై లెక్క కాగితము మీద వేసి చూచుకొనవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.