వేసవి సెలవులలో ఒక చెట్టు, ఒక పుస్తకము

ఏప్రిల్ నెలాఖరున బడులు మూసివేయుదురు. జూన్ నడుమ వరకు పిల్లలు ఇంటనే ఉందురు. ఆ రోజులలో గోదావరి డెల్టా ఎట్లుండునో ఇచటివారికి చెప్పనక్కరలేదు. కోసిన చేలు బీటలు వారును. కాలువలు కట్టివేయుదురు. పగలు వడగాలి వీచును. రోహిణి ఎండలకు రోళ్లు పగులునని పెద్దలు ఊరక అనలేదు. ఇట్టి కాలమున పిల్లలకు ప్రకృతిలో చూపుటకు ఏమి ఉన్నదని తలిదండ్రులకు తోచవచ్చును.

కాని వేసవి ప్రకృతి నిద్రపోవు కాలము కాదు. కానుగ క్రొత్త ఆకు తొడిగి పూయునది ఇప్పుడే. రేల చెట్టు పసుపుపచ్చని గుత్తులు వ్రేలాడదీయునది ఇప్పుడే. కోయిల తెల్లవారక ముందే కూయుటయు, కాకులు గూళ్లు కట్టుటయు ఇప్పుడే. వీనిని చూచుటకు అడవులకు పోనక్కరలేదు. రాజమహేంద్రవరములో కంబాల చెరువు ఉద్యానవనము కలదు. ధవళేశ్వరములో కాటన్ ప్రదర్శనశాల ఆవరణ కలదు. మిగిలిన ఊళ్లలో మునిసిపల్ పార్కో, బడి ఆవరణయో, కాలువ గట్టో ఉండనే ఉండును. కావలసినవి ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, అందరు కలిసి వెచ్చించు ఒక గంట కాలము.

చూచినది వ్రాసియుంచుట ముఖ్యము. ఒకే చోట, ఒకే వేళ చూచి, తేదీ వేసి వ్రాసినచో వినోదము విజ్ఞానమగును. ఇందుకు మన డెల్టా అంచుననే మంచి నిదర్శనము ఉన్నది.

సామర్లకోటలో వ్రాసిన లెక్క

విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు దేశీయుడు ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా 1776లో మద్రాసు చేరెను. 1781లో సామర్లకోటకు వచ్చి, అచట తోట వేసి, మిరియము, నీలి మొదలగు మొక్కలను పెంచి చూచెను. ఈ తీరపు మొక్కలను పరిశీలించి, మన దేశపు చిత్రకారులచేత వాని బొమ్మలు వేయించెను. ఇచటివారు వానిని ఏ పేరున పిలుతురో తెలిసికొని ఆ తెలుగు పేర్లను కూడ వ్రాసికొనెను. ఆ పరిశ్రమ ఫలితముగా 1795 మొదలు లండనులో కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన గొప్ప గ్రంథము వెలువడెను. అంతకు ముందే, 1793లో, అతడు కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై వెళ్లెను.

రాక్స్‌బర్గుకు మరొక అలవాటు ఉండెను. మద్రాసు చేరిన తొలిదినముల నుండియు ఉష్ణోగ్రతను, వాయుపీడనమును రోజుకు మూడు మారులు కొలిచి వ్రాయుచుండెను. సామర్లకోటలోను వాతావరణపు లెక్క మానలేదు. 1789 మొదలు కొన్ని ఏండ్లు వానలు తప్పి ఈ ప్రాంతమున ఘోరమైన కరవు వచ్చెను. ఆ అనావృష్టి అతని లెక్కలకు ఎక్కినది.

ఇంచుమించు రెండువందల ఏండ్లు గడచినవి. 1998లో రిచర్డ్ గ్రోవ్ అను చరిత్రకారుడు 1789–93 నడుమ ప్రపంచములో అనేక దేశములను బాధించిన ఎల్ నినోను గూర్చి వ్రాయుచు రాక్స్‌బర్గ్ చెప్పిన సాక్ష్యమును వాడుకొనెను. పసిఫిక్ మహాసముద్రపు మధ్య, తూర్పు భాగములలో ఉపరితల జలము మామూలు కంటె వేడెక్కుటను ఎల్ నినో అందురు. అట్టి ఏండ్లలో మన నైరృతి ఋతుపవనము తరచు బలహీనపడును. ఈ సంగతి రాక్స్‌బర్గుకు తెలియదు. అతడు చేసినది మానక కొలిచి వ్రాయుట మాత్రమే. ఆ వ్రాత ఎవరికి ఎప్పుడు అక్కరకు వచ్చునో వ్రాయువానికి తెలియనక్కరలేదు.

ఇది ఒక్కనితో ముగియవలసిన పనియు కాదు. ఇంగ్లండులో నార్ఫోక్ ప్రాంతపు రాబర్ట్ మార్షమ్ 1736లో వసంత లక్షణములను వ్రాయ మొదలిడెను. ఏ చెట్టు ఎప్పుడు ఆకు వేసినది, ఏ పక్షి ఎప్పుడు మొదట కూసినది, ఇట్టివే ఆ వ్రాతలు. అతని తరువాత ఆ కుటుంబమువారు తరతరములుగా 1958 వరకు ఆ లెక్కను సాగించిరి. భూమి వేడెక్కుటవలన ఋతువులు ఎట్లు జరుగుచున్నవో తెలిసికొనుటకు నేటి శాస్త్రజ్ఞులు ఇట్టి వ్రాతలనే వెదకుచున్నారు. మన దేశములో కూడ సీజన్‌వాచ్ అను పథకము క్రింద బడిపిల్లలు చెట్లను ఇట్లే పరిశీలించుచున్నారు.

చెట్టును ఎన్నుకొనుట

ఇంటికి దగ్గరగా, రోజును చూడదగిన చెట్టును ఒకదానిని ఎన్నుకొనవలెను. వేప, రేల, కానుగ, తురాయి, చింత, నిద్రగన్నేరు ఇవి మన పార్కులలో సాధారణముగా ఉండును. వారమునకొక మారు, ఒకే వారమున, ఒకే వేళకు ఆ చెట్టు వద్దకు పోయి నాలుగు సంగతులు వ్రాయవలెను: లేతాకులు, పండుటాకులు, పూవులు, కాయలు. ఒక్కొక్కదాని ఎదుట ‘లేవు’, ‘కొన్ని’, ‘చాల’ అను మూడు మాటలలో ఒకటి వ్రాసిన చాలును. పదేండ్ల పిల్లవాడైనను ఈ పని చేయగలడు.

అప్పుడు ఒక ప్రశ్న పుట్టును. నేల ఇంత ఎండియుండగా కొన్ని చెట్లు ఇప్పుడే ఏల చిగిర్చుచున్నవి? వాని వేళ్లు లోతునకు పోయి అడుగున మిగిలిన తేమను అందుకొనును. వాన పడునప్పటికి ఆకు సిద్ధముగా ఉన్నచో చెట్టు వెంటనే ఆహారము తయారు చేసికొనగలదు. పురుగులు వానకాలమున పెచ్చు పెరుగును; అప్పటికి ఆకు ముదిరి ఉండుటచే నష్టము తగ్గునని కూడ శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

చింతనో, నిద్రగన్నేరునో ఎన్నుకొన్న పిల్లలకు మరొక వేడుక కలదు. సాయంకాలమున ఆ ఆకులు ముడుచుకొనును. ఏ వేళకు ముడుచుకొన్నవో గడియారము చూచి వ్రాయవలెను. ఆకు కాడ మొదట, చిన్న ఆకుల మొదట ఉబ్బెత్తుగా ఒక భాగముండును. అందలి కణములలో నీరు ఒక ప్రక్క తగ్గి మరొక ప్రక్క పెరుగుటచే ఆకు ముడుచుకొనును. మబ్బు పట్టిన నాడు వేళ మారునా? చూచి చెప్పవలసినది పిల్లలే.

నీడ ఏల చల్లగా ఉండును?

బడి ప్రయోగశాలలో వాడు ఉష్ణమాపకము ఒకటి సంపాదించవలెను. జ్వరము చూచునది దీనికి పనికిరాదు. ఎండలోనున్న నేలలో పుల్లతో చిన్న రంధ్రము చేసి, ఉష్ణమాపకపు బుడ్డిని అందుంచి, రెండు నిమిషములు ఆగి లెక్క చూడవలెను. పిమ్మట చెట్టు నీడలోని నేలలో అంతే లోతున చూడవలెను. ఉదయము ఏడు గంటలకును, తొమ్మిది గంటలకును ఇట్లు చేసినచో ఎండలోని నేల ఎంత త్వరగా కాగుచున్నదో అంకెలలో తెలియును.

నీడ చల్లదనమునకు మొదటి కారణము ఎండ నేలపై పడకుండుట. రెండవ కారణమును చూచుటకు ఒక తేలిక ప్రయోగము కలదు. ఉదయము ఏడు గంటలకు ఎండ తగులుచున్న ఆకుల రెమ్మ ఒకదానికి పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి తొడిగి మూతి గట్టిగా కట్టవలెను. అట్టి సంచినే ఆకులు లేని ఎండుపుల్లకు కూడ కట్టవలెను. రెండు గంటల తరువాత చూచిన, ఆకులున్న సంచిలో నీటిబొట్లు కనబడును; రెండవ దానిలో ఉండవు. రెండవ సంచి లేనిచో ఆ నీరు గాలిలోని తేమ నుండి రాలేదని మనము చెప్పజాలము.

ఆ నీరు వేళ్లు పీల్చినది. ఆకులలోని సన్నని రంధ్రముల నుండి అది ఆవిరియై పోవును. నీరు ఆవిరి యగునప్పుడు చుట్టునున్న వేడిని తీసికొనును. మట్టికుండలో నీరు చల్లబడుటకును ఇదియే కారణము. పార్కులో ఒక పెద్ద చెట్టును కొట్టివేసినచో పోవునది నీడ ఒక్కటే కాదని పిల్లలు దీనినిబట్టి తెలిసికొందురు.

కూయునది ఎవరు?

కోయిలమ్మ అని మనము ముద్దుగా పిలుచుట అలవాటు. కాని ‘కుహూ’ అని స్వరము పెంచుచు కూయునది మగపక్షి. అది నల్లగా, ఎఱ్ఱని కన్నులతో ఉండును. ఆడుపక్షి గోధుమవన్నెపై తెల్లని చుక్కలతో ఉండి వేరొక తీరున అరచును. కోయిల గూడు కట్టదు; కాకి గూటిలో గ్రుడ్డు పెట్టును. కోయిల గ్రుడ్డు కాకి గ్రుడ్డుకంటె ముందుగా పిల్ల యగును గనుక ఆహారము దానికి ముందు దక్కును. కావున కోయిల కూయుటయు, కాకి గూడు కట్టుటయు ఒకే కాలమున రావలసినవే.

తెల్లవారుజామున పది నిమిషములు పెరటిలో కూర్చుండి, కోయిల మొదటి కూత ఏ వేళకు వినబడెనో వ్రాయవచ్చును. ఈ పనికి ఇంటిలో తాతగారికంటె, అమ్మమ్మకంటె తగినవారు లేరు. వారు అందరికంటె ముందు లేచువారు. కాకి గూడు కనబడినచో దూరము నుండియే చూడవలెను. చెట్టెక్కి గూటిని తాకరాదు.

కట్టివేసిన కాలువ

1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిన కాటన్ ఆనకట్ట వలన డెల్టాకు కాలువ నీరు వచ్చెను. నేడు ఆనకట్ట స్థానమున బ్యారేజి ఉన్నది. రబీ పంట పూర్తియైన పిమ్మట మరమ్మతులకై కాలువలు కట్టివేయుట పరిపాటి. ఏడాదిలో కాలువ అడుగు కనబడునది ఈ కొద్ది రోజులే. గట్టు మీద నిలిచి చూచిన చాలును. మిగిలిన మడుగుల వద్ద కొంగలు కాచుకొని ఉండును. లకుముకి పిట్ట తీగపై కూర్చుండి చేపకై చూచుచుండును. తడి ఆరిన బంకమన్ను కుంచించుకొని పలకలు పలకలుగా పగులును.

గట్టు ప్రక్కన ఎండిన మట్టిలో మూత బిగించుకొన్న నత్త దొరకవచ్చును. చెరువులలోని పెద్ద నత్త ఎండకాలమున మట్టిలో దాగి, గుల్ల మూసికొని, వానల వరకు కదలక ఉండును. దానిని నీరున్న పళ్లెములో ఉంచి ఓపికగా కనిపెట్టి చూడుడు. బ్రతికియున్నచో కొంతసేపటికి మూత తెరచును. చూచిన పిమ్మట దొరకిన చోటనే విడిచిపెట్టవలెను. గట్టుపై తాళ్లు ఉన్నచో ముంజెలు తినుచునే మరొక పాఠము నేర్వవచ్చును. తాళ్లలో పోతుతాడు వేరు, పెంటితాడు వేరు. ముంజెకాయలు పెంటితాటికే కాయును.

సాయంకాలపు గాలి

మధ్యాహ్నము వరకు పడమటి వడగాలి వీచి, ఆ పిమ్మట సముద్రపు గాలి తిరుగుట డెల్టావాసులు ఎరిగినదే. నేల నీటికంటె త్వరగా వేడెక్కును. వేడెక్కిన గాలి పైకి పోగా సముద్రము మీది చల్లని గాలి ఆ చోటికి వచ్చును. పడమటి గాలి బలముగా ఉన్న నాడు సముద్రపు గాలి లోపలికి రాజాలదు. తీరమున వడ తీవ్రమగు రోజులు తరచు అట్టివే. డాబా మీద సన్నని గుడ్డపీలిక ఒకటి కట్టి, గాలి ఏ వేళకు తిరిగెనో వ్రాయవలెను. కాకినాడలోను, రాజమహేంద్రవరములోను బంధువులున్నచో ఒకే రోజున ఇరువురును చూచి, ఫోనులో వేళలు పోల్చుకొనవచ్చును. పెద్దలకు కార్తెల లెక్క తెలియును. మృగశిర ప్రవేశించునది ఇంచుమించు జూన్ 8న. ఆ నాటికి మీ ఊరిలో తొలకరి పడెనా లేదా అని ఏటేట వ్రాసినచో సామెతను కూడ పరీక్షింపవచ్చును.

వీలున్నవారు ఒక ఉదయము కోరంగి మడ అడవిని చూచి రావచ్చును. ఇది కాకినాడకు దక్షిణమున కలదు. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. చెక్కలతో వేసిన బాట మీద నడచుచు, బురదలో నుండి మేకులవలె పైకి లేచిన మడచెట్ల వేళ్లను చూడవచ్చును. బురదలో గాలి చొరదు గనుక ఆ వేళ్లు పైకి వచ్చి గాలి పీల్చును. మడ ఆకును వ్రేలితో రాచి నాలుకకు తాకించిన ఉప్పగా ఉండును. చెట్టు పీల్చిన ఉప్పులో కొంత ఆకుల నుండి బయటికి వచ్చును.

జాగ్రత్తలు

ఈ పనులన్నియు ఉదయము తొమ్మిదిలోపల, సాయంకాలము అయిదు దాటిన పిమ్మట మాత్రమే చేయవలెను. టోపీయో, తలగుడ్డయో ఉండవలెను. మంచినీరు, మజ్జిగ వెంట తీసికొనిపోవలెను. తల తిరిగినను, వాంతి వచ్చినను పిల్లవానిని వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, వైద్యునికి చూపవలెను. పొదలలో, రాళ్ల క్రింద చేయి పెట్టరాదు. అన్నిటికంటె ముఖ్యము, పెద్దలు వెంట లేక పిల్లలు గోదావరిలోను, కాలువ మడుగులలోను దిగరాదు. ఇసుక తీసిన గుంతలు నీటి పైకి కనబడవు. ప్రతి వేసవియందును స్నానమునకు దిగి మునిగిపోయిన పిల్లల వార్తలు వినుచునే ఉన్నాము.

బడులు తెరచిన మొదటి వారమున ఉపాధ్యాయులు ఈ పుస్తకములను తెప్పించి, తరగతిలో ప్రక్కప్రక్కన పెట్టి చదివింపవలెను. ఒక ఊరి రేల పూసిన వారమునకే ప్రక్క ఊరి రేల పూసెనా? సముద్రపు గాలి ఎవరి ఊరికి ముందు చేరెను? ఇద్దరి వ్రాతలు కలియనిచో కారణమేమి? ఈ ప్రశ్నలకు పాఠ్యపుస్తకములో జవాబు దొరకదు. పిల్లలు వ్రాసిన పుస్తకములలోనే దొరకవలెను. పిమ్మట వానిని పారవేయక బడి గ్రంథాలయములో భద్రపరచవలెను. వచ్చు ఏడాది పిల్లలకు పోల్చి చూచుటకు అవి కావలెను.